ఏ రోజుకు బాగుచేయాలి?

పాత యాంప్లిఫయర్‌ను బాగుచేసినవాళ్లు చివర్లో సంతోషంగా ఒక మాట అంటారు: మళ్లీ కొత్తదానిలా అయింది అని. నేను ఆ మాట దగ్గరే ఆగిపోతాను. కొత్తది అంటే ఏ రోజుది? జపాన్‌లో కొలతలు సరిచూసి పెట్టెలో సర్దిన రోజుదా? దుబాయ్ దుకాణంలో అద్దం వెనక నిలబడ్డ రోజుదా? కరీంనగర్‌లో మొదటిసారి నోరు విప్పిన రోజుదా? బాగుచేయడమంటే వెనక్కి తీసుకెళ్లడమే అయితే, ఎంత వెనక్కి అనేది పని మొదలుపెట్టేముందే తెలిసి ఉండాలి. నాకు తెలియదు. తెలియకుండానే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిస్తున్నాను, తెలియకుండానే మూత బిగించి ఇచ్చేస్తున్నాను. ఈ సందేహం చాలాకాలంగా నన్ను వదలడం లేదు.

ఈమధ్య నా బల్ల మీదికి వచ్చిన యాంప్లిఫయర్ ఆ సందేహాన్ని భరించలేనంతగా పెంచింది. 1970ల చివరినాటి శాన్సుయ్, ఏయూ శ్రేణిది, నల్లటి ముఖం. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర పాటలు రికార్డు చేసిచ్చే ఒక దుకాణంలో ఏళ్ల తరబడి పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేసింది. ఆ దుకాణదారును మా వాడలో పిల్లలం క్యాసెట్లన్న అనేవాళ్లం. ఎడారి దేశంలో కొన్నేళ్లు చెమటోడ్చి, తిరిగొస్తూ రెండు సౌండు బాక్సులతో సహా దీన్ని మోసుకొచ్చాడు. క్యాసెట్ల కాలం పోయాక దుకాణం మూతపడింది, ఇది అటకెక్కింది. మొన్న ఆయన కొడుకు హైదరాబాద్ వచ్చి నా ముందు పెట్టాడు. "బాపు మళ్ల ఇనాలంటుండు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ఏళ్లపాటు పడుకున్న యంత్రాన్ని నేరుగా 230 వోల్టులకు తగిలించకూడదు. పాతకాలపు వంద వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇస్తాం. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, యంత్రం కాలిపోకుండా మిగులుతుంది. షార్ట్ లేకపోతే బల్బు ఒక్కసారి వెలిగి, లోపలి పెద్ద కండెన్సర్లు నిండుతున్నకొద్దీ ఎర్రబడి, దాదాపు ఆరిపోతుంది. క్యాసెట్లన్న శాన్సుయ్‌కి బల్బు ఆరిపోయింది కానీ, స్పీకర్లను కలిపే రిలే టక్కుమనలేదు. స్పీకర్ వైపు డీసీ వోల్టేజీ పోతోందని గ్రహించి, తలుపు తెరవనంటోంది.

మూత తీశాను. పెద్ద కండెన్సర్లను బోర్డుకు అంటించిన జిగురు ముదురు గోధుమరంగుకు తిరిగి పెళుసుబారింది. ఆనాటి జపాన్ యంత్రాల్లో ఇది మామూలే. కండెన్సర్లు కదలకుండా పట్టుకోవడానికి పెట్టిన జిగురు అది. ముసలిదయ్యేకొద్దీ పక్కనున్న తీగలను తినేస్తుంది, కరెంటును కూడా కొద్దికొద్దిగా పారనిస్తుంది. కొన్ని చిన్న ట్రాన్సిస్టర్ల కాళ్లు నల్లబడి ఉన్నాయి. కండెన్సర్లు చాలావరకు ఎండిపోయాయి.

ఆ ఎండిపోవడం గురించి కొంచెం చెప్పాలి, నా మొదటి తగాదా అక్కడే ఉంది. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపల అల్యూమినియం రేకులు చుట్టి ఉంటాయి. మధ్యలో ద్రవంలో తడిపిన కాగితం, రేకు మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర, అడుగున రబ్బరు బిరడా. ఆ తడి రబ్బరుగుండా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా బయటికి పోతూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందని, పెరిగితే సగమవుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. కరీంనగర్ మే నెల ఎండకు, రేకుల కప్పు కింద, వెనక గాలి ఆడని అల్మరాలో దీనికి ఎంత ఆయుష్షు మిగిలి ఉంటుందో ఆ లెక్కే చెబుతుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ ఎండిపోవడం ఏదో ఒక రోజున మొదలైంది కాదు. ఫ్యాక్టరీలో బిరడా బిగించిన నాడే మొదలైంది.

అంటే కంపెనీవాళ్లు కాగితం మీద రాసిన యాంప్లిఫయర్ ఎవరి ఇంట్లోనూ ఎన్నడూ లేదు. ఈ శ్రేణిలో పేరున్న ఏయూ-717కు ఛానెల్‌కు 85 వాట్లు, వక్రీకరణ 0.025 శాతానికి మించదని రాశారు. నిజమే అయి ఉంటుంది, ఆ పూటకు. తర్వాత అది ఓడ ఎక్కింది, వేడి తిన్నది, దుమ్ము తిన్నది. మా ఊళ్లో సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వోల్టేజీ పడిపోయేది, స్టెబిలైజర్ టకటకమంటూ దాన్ని నిలబెట్టలేక సతమతమయ్యేది. కరీంనగర్ విన్నది ఆ యాంప్లిఫయర్‌ను. సర్వీసు మాన్యువల్లో చెప్పినన్ని మిల్లీవోల్టులకు బయాస్ సరిచేసినప్పుడు నేను తిరిగి తెస్తున్నది ఆ ఊళ్లో ఏ చెవీ వినని శబ్దాన్ని. దాన్ని మూలరూపం అని ఎందుకు అనాలి? ఎవరూ బతకని రోజు ఎవరికి మూలం?

అసలు అడగడానికి ఆ కంపెనీ కూడా లేదు. 1947లో టోక్యోలో ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తూ మొదలై, ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, 2014లో దివాలా తీసింది. ఆ పేరు ఇప్పుడు వేరేవాళ్లు చేసే టీవీల మీద కనిపిస్తుంది.

ఈ సందేహం చెప్పగానే మిత్రులు నాకు పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చాక అది పాత ఓడేనా అని అడిగే కథ చెబుతారు. చదువుకున్నవాళ్లయితే బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజుకు చెప్పిన రథం దగ్గరికి వెళతారు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, కాబట్టి రథం అనేది ఒక పేరు మాత్రమే, నీ శాన్సుయ్ కూడా అంతే అని తేల్చేస్తారు. నాకు అది తేలలేదు. నాగసేనుడు మిళిందుణ్ని మొదట అడిగింది, నడిచి వచ్చావా, రథమెక్కి వచ్చావా అని. రాజు రథమెక్కి వచ్చానన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి రథాన్ని ముక్కలు ముక్కలుగా విప్పారు కానీ, రాజు వచ్చిన దారి గురించి ఒక్క మాటా అనుకోలేదు. నన్ను పీడిస్తున్నది ఆ దారి. ఈ యాంప్లిఫయర్ ఏ ముక్కల కూడికో నాకు తెలుసు, ఒక్కొక్కటీ విప్పి చూశాను. అది ఎవరెవరిని ఎక్కడికి చేర్చిందో ఆ ముక్కల్లో వెతకవచ్చా, వెతికితే దొరుకుతుందా అన్నది ప్రశ్న.

గీతలోని పాతబట్టల శ్లోకం మనకు ఇంకా దగ్గరిది. బట్ట చిరిగితే మారుస్తాం, తొడుక్కున్నవాడు మారడు. ఎంత ధైర్యమిచ్చే మాటైనా, నా బల్ల మీద అది నిలవడం లేదు. కండెన్సర్లు బట్టలు, ట్రాన్సిస్టర్లు బట్టలు, రిలే కూడా బట్టే. మరి తొడుక్కున్నదెవరు? ట్రాన్స్‌ఫార్మరా? ముందున్న అల్యూమినియం పలకా? మనిషిలో దేహి ఉన్నాడనే నమ్మకం అలా ఉంచి, ఈ పెట్టెలో ఉన్నాడని ఎవరూ అనరు. అయినా దీన్ని ముట్టుకోగానే నాకు ఎవరో ఉన్నట్టే అనిపిస్తుంది. అది ఎవరు?

గీత మాట వచ్చింది కనుక ఒక రాత్రి గురించి చెప్పాలి.

వేసవి సెలవుల్లో నేను ఆ దుకాణంలో కూర్చునేవాణ్ని. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని క్యాసెట్ల అట్టల మీద పాటల పేర్లు రాసే పని క్యాసెట్లన్న నాకిచ్చాడు. జనం కాగితం మీద పాటల జాబితా తెచ్చేవాళ్లు. అరవై నిమిషాలదా, తొంభై నిమిషాలదా అని అడిగి, ఖాళీ క్యాసెట్ తీసి, రికార్డులు వెతికి, ఒక్కొక్క పాటా ఎక్కించి ఇచ్చేవాడు. అందులో తొందరపెట్టడానికి ఏమీ లేదు. ఐదు నిమిషాల పాట ఎక్కాలంటే ఐదు నిమిషాలు పడుతుంది. శంకరాభరణం పాటలన్నీ కావాలంటే రికార్డు మొత్తం తిరగాలి, వచ్చినవాడు నిలబడాలి. ఈ కాలం పిల్లలకు ఇది చెబితే అర్థం కావడానికి కొంచెం సమయం పడుతుంది: పాట ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ ఆ పాటంతా వినేవాళ్లు.

ఉన్నవి రెండే బాక్సులు. ఒకటి లోపల, రికార్డుల అల్మరా పైన. రెండోది బయట, షట్టరు మీద ఇనుప చట్రంలో, బజారు వైపు తిరిగి. స్టీరియో అంటే ఎడమ కుడి చెవులకు పంచిపెట్టడమని పుస్తకాలు చెబుతాయి. అక్కడ దాని అర్థం వేరు. ఒక ఛానెల్ గిరాకీది, ఒకటి బజారుది. పొద్దున షట్టరు లేపగానే అన్న బ్యాలెన్స్ నాబ్‌ను బజారు వైపు తిప్పేవాడు. ఎవరైనా లోపలికొచ్చి పాట వినిపించమంటే లోపలికి తిప్పేవాడు. వాళ్లు వెళ్లగానే మళ్లీ బయటికి. రోజంతా ఆయన వేళ్లు ఆ నాబ్ మీదే ఉండేవి.

ఆ రాత్రి కరెంటు ఆలస్యంగా వచ్చింది. ఆగిపోయిన ఆర్డర్లు పూర్తిచేయాలని షట్టరు సగం దించి పనిచేస్తున్నాం. ఏదో పెళ్లివాళ్ల జాబితా నడుస్తోంది. పల్లె నుంచి సైకిల్ మీద ఒక మనిషి వచ్చాడు. వంగి షట్టరు కింద నుంచి లోపలికి చూసి, "అన్నా, మా నాయిన పోయిండు. గీత క్యాసెట్ కావాలె, తెల్లారేసరికి" అన్నాడు. ఘంటసాల 1974లో పోయారు. ఆయన పాడిన గీత అప్పటికే మా ప్రాంతంలో శవం ఉన్న ఇంటి గుమ్మం ముందు వినబడే గొంతు అయిపోయింది. క్యాసెట్లన్న ఒక్క మాట మాట్లాడకుండా పెళ్లివాళ్ల క్యాసెట్ ఆపాడు. గీత రికార్డు తీసి పంచె కొంగుతో తుడిచి పెట్టాడు.

"ఇంటవా తమ్మీ, సప్పుడు బంద్ చెయ్యాల్నా?" అని అడిగాడు. ఆ మనిషి కాసేపు ఆలోచించి, "ఇంట" అన్నాడు. అన్న బజారుకు వినబడకుండా బ్యాలెన్స్ లోపలికి తిప్పాడు. తిప్పుతుంటే బాక్సులో గర్ర్‌మని పెద్ద చప్పుడైంది. ఆ మనిషి ఉలిక్కిపడి లేచాడు. తండ్రి పేరిట తీసుకెళ్తున్న క్యాసెట్‌లో ఆ చప్పుడు పడిందనుకున్నాడు. "అది క్యాసెట్‌కెక్కదు, భయపడకు. ఈడ మనకే ఇనబడ్డది" అన్నాడు అన్న. ముగ్గురం కూర్చున్నాం. రికార్డు ఒక వైపు అయ్యేదాకా, తర్వాత రెండో వైపు అయ్యేదాకా. ఆ మనిషి ఏడవలేదు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని, బాక్సు వైపే చూస్తూ విన్నాడు. నేను అట్ట మీద పేరు రాశాను. అన్న మామూలు ధరే తీసుకున్నాడు. తక్కువ తీసుకుంటే ఆ మనిషికి చిన్నతనమవుతుందని తర్వాత నాతో అన్నాడు.

ఆయన చెప్పింది సాంకేతికంగా అక్షరాలా నిజమని ఇప్పుడు సర్క్యూట్ పటం చూస్తే తెలుస్తుంది. రికార్డు మీది సూది ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. అది మొదట ఫోనో బోర్డులోకి వెళుతుంది. రికార్డు చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు. 1954 నుంచి అందరూ ఒప్పుకున్న ఆర్‌ఐఏఏ కొలత అది. ఫోనో బోర్డు ఆ పనిని తిరగేసి సమం చేస్తుంది. క్యాసెట్ డెక్‌కు వెళ్లే తీగ అక్కడే విడిపోతుంది. వాల్యూమ్, బ్యాలెన్స్, బేస్, ట్రెబుల్, వేడెక్కే పెద్ద ట్రాన్సిస్టర్లు, అన్నీ ఆ తర్వాతే. ఊళ్లకు ఊళ్లు తీసుకెళ్లిన క్యాసెట్లన్నిట్లోనూ ఉన్నది అరచేయంత ఫోనో బోర్డు చేసిన పని మాత్రమే. మిగతా యాంప్లిఫయరంతా ఆ దుకాణంలో నిలబడ్డవాళ్లది, ఆ బజారులో నడిచినవాళ్లది. వాళ్లు వెళ్లిపోతే దానికి సాక్ష్యం లేదు.

అలా అనుకుంటూ బ్యాలెన్స్ కంట్రోల్ విప్పాను. దానిలో కార్బన్ పూసిన పట్టీ ఉంటుంది, దాని మీద చిన్న రేకు పాకుతుంది. పట్టీ అంతటా బాగానే ఉంది, ఒక్కచోట తప్ప. మధ్యకు కొంచెం పక్కగా, బజారుకూ లోపలికీ నడుమ ఆయన వేళ్లు రోజూ అటూ ఇటూ తిప్పిన ఆ కాస్త మేర, కార్బన్ అరిగి అడుగు బయటపడింది. గర్ర్‌మన్నది అక్కడే. ఆ రాత్రి మేం ముగ్గురం విన్న చప్పుడుకు ప్రపంచంలో మిగిలిన గుర్తు ఆ అరుగుదల.

కంట్రోళ్లలో దుమ్ము పేరుకుంటే స్ప్రే కొట్టి శుభ్రం చేయవచ్చు. అరిగిన కార్బన్‌ను తిరిగి పెట్టలేం. ఉంచడమో, మార్చడమో. నేను ఉంచాను. కండెన్సర్లు మార్చాను, నల్లకాళ్ల ట్రాన్సిస్టర్లు మార్చాను, కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి రిలే తెచ్చాను, జిగురంతా గీకి తీశాను. ఆ కంట్రోల్ ఒక్కటి మార్చలేదు. ఈ యంత్రం కరీంనగర్‌లో బతికిందని చెప్పే ఒకే ఒక్క రాత అది. దాన్ని తీసేస్తే మిగిలేది ఎక్కడైనా దొరికే శాన్సుయ్.

ఆ నిర్ణయం మీద నాకు నమ్మకం ఉండేది. తర్వాత దాన్ని నేనే తొలిచాను. పగిలిన గిన్నెను బంగారంతో అతికే జపాన్ పద్ధతిని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు, పగులు కూడా చరిత్రే అంటున్నారు. గిన్నె ఊరుకుంటుంది కనుక ఆ మాట చెల్లింది. యాంప్లిఫయర్ ఊరుకోదు. దాని లోపం ప్రతిసారీ పాట మధ్యలో మాట్లాడుతుంది. పైగా యాంప్లిఫయర్ అనే వస్తువు పుట్టిందే తన గుర్తు ఎక్కడా పడకుండా ఉండటానికి. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హడ్సన్ నది దాటుతూ ఫెర్రీలో కూర్చుని న్యూయార్క్ టైమ్స్ కాగితం మీద ఒక బొమ్మ గీశాడు. బయటికి వెళ్లేదాంట్లో కొంత వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చినదానితో పోల్చి, తాను చేర్చిన తప్పును తానే తీసేసుకునే ఏర్పాటు. దానికి పేటెంటు రావడానికే తొమ్మిదేళ్లు దాటింది. ఈ శాన్సుయ్ లోపల కూడా జరిగేది అదే. ప్రతి క్షణం తనను తాను వచ్చినదానితో సరిచూసుకుని, తనదంటూ ఉన్నదాన్ని తుడుచుకుంటుంది. కొన్ని మిల్లీవోల్టులను ఇరవై వోల్టులు చేసి, ఏమీ చేయనట్టు పక్కకు తప్పుకోవడమే దాని గొప్ప. అలాంటిదాంట్లో నేను దాని ఆనవాలు వెతుకుతున్నాను. అది జీవితమంతా తుడుచుకున్నదాన్ని నేను దాచిపెడతానంటున్నాను.

పాత యాంప్లిఫయర్లలో వెచ్చదనం ఉంటుందనే మాట నాకు ఇందుకే గిట్టదు. అవి మంచివైతే వాటిలో ఏ వెచ్చదనమూ ఉండకూడదు. ఉంటే అది ఎండిన కండెన్సర్ల లోపం అయి ఉంటుంది, లేదా అరవై దాటిన చెవి పన్నెండు వేల హెర్ట్జ్‌ల పైన వినలేకపోవడం అయి ఉంటుంది. నేను ఎంత గట్టిగా ఇలా వాదించినా, ఆ గరగర దగ్గరికి వచ్చేసరికి నా వాదం నాకే పనికిరాలేదు. అది లోపమని తెలుసు. అయినా ఉంచాను.

ఈ తికమకను మన ఆలయాలవాళ్లు ఏనాడో ఎదుర్కొన్నారు. జీర్ణోద్ధరణ అంటే రాయి మార్చడం, గోపురం బాగుచేయడం మాత్రమే అయితే ఇంత తంతు అక్కర్లేదు. ముందు కళాకర్షణ చేసి విగ్రహంలోని దైవశక్తిని కుంభంలోకి తీసుకుంటారు, బాలాలయంలో ఉంచి పూజిస్తారు, పనులయ్యాక తిరిగి సంప్రోక్షణ చేస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే ఈ తంతు 2018 ఆగస్టులో జరిగింది. యాదాద్రిలో ఏళ్లపాటు భక్తులు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు, 2022 మార్చి 28న గర్భాలయ ద్వారాలు మళ్లీ తెరిచారు. ఈ ఏర్పాటులో ఒక నిజాయితీ ఉందనిపిస్తుంది. రాళ్లను విప్పుతున్నప్పుడు అది గుడి కాదని, అందులో ఉన్నదాన్ని ముందు భద్రంగా వేరే చోటికి చేర్చాలని ఒప్పుకుంటుంది. మరి నేను ఈ యంత్రాన్ని విప్పినప్పుడు దాంట్లో ఉన్నది ఎక్కడ తలదాచుకుంది? క్యాసెట్లన్నలోనా? ఆయన తెచ్చుకున్న వస్తువు, ఆయన తిప్పిన నాబ్, ఆయన చెవి. అలా అనుకుంటే బాగుంటుంది. కానీ ఆయన మాత్రం అంతా దాచుకున్నాడని ఏమిటి నమ్మకం? నా ఆలోచన అక్కడ ఆగిపోయింది. యంత్రం పాడుతోంది, రిలే టక్కుమంటోంది, డీసీ సున్నా దగ్గర నిలిచింది, నేను మాత్రం దాన్ని తీసుకుపొమ్మని ఫోన్ చేయలేకపోయాను.

చివరికి ఆయనే వచ్చాడు, కొడుకుతో. నడుం కొంచెం వంగింది, చూపు బాగానే ఉంది. కుర్చీలో కూర్చుని చాలాసేపు విన్నాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. తర్వాత, "బేస్ జర పెంచు, అప్పట్ల గుద్దినట్టు కొట్టేది" అన్నాడు. బేస్ అప్పటికే సమంగా ఉంది. ఆయన గుర్తున్నదని చెబుతున్న గుద్దు యాంప్లిఫయర్‌దో, షట్టరు రేకుదో, ఆయన వయసుదో చెప్పడం కష్టం. పెంచాను. తృప్తిగా తలూపాడు. లేచి వచ్చి అలవాటుగా బ్యాలెన్స్ మీద చెయ్యి వేశాడు. గర్ర్‌మంది.

ఆయన చెయ్యి తీసేశాడు. "ఇది మార్చలేదా?"

నేను ఆ రాత్రి గురించి చెప్పాను. సైకిల్ మీద వచ్చిన మనిషి, గీత, ఉలిక్కిపడటం, ఆయన అన్న మాట. శ్రద్ధగా విన్నాడు. "యాదికి లేదు బిడ్డా. గీత ఎంతమందికి ఎక్కించిచ్చిననో. ఏ రాత్రని యాది పెట్టుకుంట?" అన్నాడు. కొంచెంసేపాగి, "ఈ గరగరకు గిరాకీ ముంగట ఎన్నిసార్లు తల దించుకున్ననో నీకు తెల్వదు. నాయిన పోయి వచ్చిన మనిషి కూడా అదిరిపడ్డడని నువ్వే అంటున్నవు గద. హైదరాబాద్ పంపిన, మద్రాసు పంపిన, ఆ కంట్రోల్ దొరకలే. ఇప్పుడు దొరుకుతదంటున్నరు. దొరికీ మార్చకపోతివి" అన్నాడు. గొంతులో కోపం లేదు. బాధ ఉంది.

అప్పటినుంచీ నా ప్రశ్నను వేరే వైపు నుంచి చూస్తున్నాను. ఏ రోజుకు బాగుచేయాలి అని అడిగినప్పుడు, అది జరిగిపోయిన రోజుల్లో ఒకటై ఉండాలని ఎందుకో మొదటే నమ్మేశాను. ఫ్యాక్టరీ రోజు, మొదటి పాట రోజు, గీత రాత్రి, ఏదో ఒకటి. క్యాసెట్లన్న అడిగిన రోజు వాటిలో లేదు. గరగర లేని బ్యాలెన్స్‌తో, తల దించుకోకుండా గిరాకీకి పాట వినిపించిన రోజు ఆ దుకాణానికి ఎన్నడూ రాలేదు. ఆయన దానికోసం రెండు నగరాలకు మనుషుల్ని పంపాడు. అది జరిగిన రోజులకంటే తక్కువ నిజమైనదా? ఆ యంత్రం చుట్టూ బతికిన మనిషి అప్పట్లో కోరుకుని పొందలేకపోయినది కూడా ఆ యంత్రం చరిత్రే. దాన్ని ఇవ్వగలిగిన స్థితిలో ఉండి, నా జ్ఞాపకం పేరుతో ఆపుకోవడానికి నాకు హక్కు లేదు.

ఇది పూర్తి జవాబు కాదని తెలుసు. ఆయన అడిగిన బేస్ విషయంలో ఇదే సూత్రం నన్ను ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పలేను. ఆయన లేకపోయి ఉంటే ఎవరి కోరికను లెక్కలోకి తీసుకోవాలో అదీ చెప్పలేను. ఆ అరిగిన పట్టీ పోయినందుకు నాకు కలిగిన నొప్పి అలాగే ఉంది, వాదం గెలిచినంత మాత్రాన అది తగ్గలేదు. గీత కోసం వచ్చిన ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియదు. అతన్ని అడిగితే ఏమనేవాడో.

కొత్త కంట్రోల్ వేశాను. ఒకే విలువ ఉన్నది దొరికింది కానీ ఇరుసు పొడవు తేడా, కోసి సరిపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నాబ్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిశ్శబ్దంగా తిరుగుతుంది. యాంప్లిఫయర్ కరీంనగర్‌లో ఆయన ఇంటి ముందుగదిలో ఉంది, రెండు బాక్సులూ లోపలే ఉన్నాయి.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటిది ఉంటే దయచేసి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. తెలిసినవాళ్లకు చూపించండి. చూపించేముందు, దాన్ని వాడిన మనిషి ఇంకా మీ మధ్య ఉంటే, ఆ రోజుల్లో దాంట్లో తనను విసిగించినది ఏమిటో అడిగి, కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని యంత్రంతోపాటు మెకానిక్ చేతికివ్వండి.